బొటనవేలి నేర్పు

ఆ షెడ్డులో పనిచేసే ముప్ఫైమందిలో ఆమెను అసలు పేరుతో పిలిచేవాళ్ళు లేరు. అందరికీ ఆమె నిట్రాటక్క. ఇంటికప్పును మోసే నిట్రాట ఎంత నిటారుగా నిలబడుతుందో, ఆమె చేతిమీదుగా వెళ్ళిన బోర్డుల మీద లైట్లు అంత నిటారుగా నిలబడతాయని పన్నెండేళ్ళ కిందట ఎవరో అన్నారు. ఆ మాట అలాగే అతుక్కుపోయింది.

అక్కడ తయారయ్యేవి ఆసుపత్రుల్లో మంచం పక్కన స్టాండుకి తగిలించే సెలైన్ పంపుల విడిభాగాలు, అంటే మూతలు, కాయిళ్ళు, బోర్డులు. ప్రతి పంపు ముఖానా మూడు చిన్న లైట్లు. ఆకుపచ్చ వెలిగితే మందు ఎక్కుతోందని, పసుపు వెలిగితే బ్యాటరీ మీద నడుస్తోందని, ఎరుపు వెలిగితే సీసా అయిపోయిందనో గొట్టం మడతపడిందనో అర్థం. ఆ మూడింటినీ పంపు లోపలుండే బోర్డు మీద కూర్చోబెట్టడం ఆమె పని. ఒక్కో లైటుకి రెండు సన్నటి కాళ్ళు, ఒకటి పొడుగు, ఒకటి పొట్టి. పొడుగు కాలు ప్లస్ గుర్తున్న కన్నంలోకి వెళ్ళాలి. తారుమారైతే లైటు వెలగదు. కాళ్ళు దూర్చి, బోర్డు తిరగేసి, అతుకులు వేసే వేడి ఐరన్ మొన ఆనించి టంకం తీగ తాకిస్తే, అది వెండిచుక్కలా కరిగి కాళ్ళ చుట్టూ సర్దుకుంటుంది. మిగిలిన కాళ్ళని కట్టర్‌తో టక్కున కత్తిరిస్తే పని అయినట్టే.

కాని బోర్డు తిరగేసినప్పుడు లైటు కాస్త జారుతుంది, పక్కకి ఒరుగుతుంది. ఒరిగిన లైటు పంపు మూతకున్న కన్నంలోంచి బయటికి రాదు. మిగతావాళ్ళు టంకాన్ని మళ్ళీ కరిగించి, లైటుని సర్ది, మళ్ళీ అతికించి ఆపసోపాలు పడేవాళ్ళు. నిట్రాటక్కకి ఆ బాధ లేదు. టంకం ఇంకా వేడి మీద ఉండగానే బోర్డుని ఇటు తిప్పి, బొటనవేలితో లైటు తల మీద ఒక్క ఒత్తు ఒత్తి, రవ్వంత మెలిపెట్టేది. అంతే. మూడు లైట్లూ ప్రార్థనకి నిలబడ్డ బడిపిల్లల్లా బుద్ధిగా నిలబడేవి. ఆ ఒత్తు ఎలా ఒత్తాలో చెప్పమని ఎంతమంది అడిగినా, "అది చెప్తే వచ్చేది కాదు. చేతికే తెలియాలి" అనేది. అనేటప్పుడు ఆమె గొంతులో కాస్త గర్వం ఉండేది. ఉండదూ మరి.

సోమవారం పొద్దున్న పని మొదలవుతూనే సూపర్‌వైజరు చప్పట్లు కొట్టాడు.

"అందరూ ఒక్కసారి ఇటు రండి. ఐరన్లు స్టాండులో పెట్టేసి రండి."

ఆయన చేతిలో ఒక పంపు మూత ఉంది, గీత పడిందని తుక్కులో పారేసినది. పక్కనే చీరచెంగు వేలికి చుట్టుకుంటూ చిన్నది నిలబడి ఉంది.

చిన్నది అంటే నిట్రాటక్క తోడికోడలు, మరిది భార్య. ఆరునెలల కిందట నిట్రాటక్కే దగ్గరుండి తీసుకొచ్చి, తన బల్ల పక్కన స్టూలు వేయించి నెలరోజులు పని నేర్పింది. ఆ తర్వాత చిన్నదానికి కిటికీ పక్కన సొంత బల్ల ఇచ్చారు.

"చెయ్యమ్మా, అందరికీ చూపించు" అన్నాడు సూపర్‌వైజరు.

చిన్నది మూతని బల్ల మీద బోర్లా పెట్టింది. దాని మూడు కన్నాల్లోకి మూడు లైట్లనీ తలకిందులుగా దించింది. కాళ్ళు పైకి లేచి నిలబడ్డాయి. వాటి మీదికి బోర్డుని దించి, వేలి కొసలతో అటూ ఇటూ కదిపితే ఆరు కాళ్ళూ ఆరు కన్నాల్లోంచి బయటికి వచ్చాయి. ఆరు చోట్ల టంకం పెట్టి, చల్లారేదాకా నోటితో ఊదుతూ ఆగి, పైకెత్తింది. మూడు లైట్లూ ఒకే ఎత్తులో, వెంట్రుకవాసి వంకర లేకుండా ఉన్నాయి.

"చూశారా? చివరికి అవి దూరాల్సింది ఆ మూతలోకే కదా. ముందే దూర్చేసింది!" సూపర్‌వైజరు తనే కనిపెట్టినంత సంబరంగా అన్నాడు. "సొంత బల్ల ఇచ్చినప్పటి నుంచీ ఇలాగే చేస్తోందట. నేనే మొన్న శనివారం చూశాను. గంటకి నలభై అవుతున్నాయి. నిట్రాటక్కా, నీకెన్నవుతాయి?"

"ముప్ఫై" అంది నిట్రాటక్క.

"మంచిరోజున ముప్ఫై రెండు" అని ఎవరో అందించారు.

"ఇంకేం! ఒక ఇంటికి రెండు నిట్రాటలు" అంది కాయిళ్ళు చుట్టే ఆవిడ. అందరూ నవ్వారు. నిట్రాటక్క కూడా నవ్వింది. నవ్వుతూనే తన బల్ల దగ్గరికి వెళ్ళి కూర్చుని, లైట్ల పొట్లం విప్పబోతే అది మధ్యకి చిరిగి లైట్లన్నీ ఒళ్ళో పడ్డాయి.

ఏకై వచ్చి మేకై కూర్చుంది, అనుకుంది. ఇన్నాళ్ళూ ఒకే ఇంట్లో ఉంటూ, ఒకే బస్సులో వస్తూ, ఒక్కమాట చెప్పలేదు. దాచుకుంది. పైగా ఆ చెంగు చుట్టుకోవడం ఒకటి, ఏమీ తెలియని దానిలా.

ఆ సాయంత్రం ఇంటికి వెళ్ళేసరికి ఆ కబురు వాళ్ళకన్నా ముందే చేరింది. పక్కింటావిడ కొడుకు ఆ షెడ్డులోనే స్టోరు చూస్తాడు. అత్తగారు గుమ్మంలోనే నిలబడి, "ఏమ్మా చిన్నదానా, నీ చేత చేయించి అందరికీ చూపించారటగా!" అంది. పన్నెండేళ్ళలో నిట్రాటక్క పని గురించి ఆవిడ అడిగింది ఒకే ఒక్క ప్రశ్న: ఎన్నింటికొస్తావు అని. నిట్రాటక్క చెప్పులు విప్పి, ఒకదాని మీద ఒకటి పడేలా గోడవారకి విసిరింది. కూతురు దువ్వెన పట్టుకుని ఎదురొచ్చింది. నిట్రాటక్క చెయ్యి చాచింది.

"నీకు కాదమ్మా, పిన్నికి" అంది పిల్ల. "పిన్ని వేస్తే జడ రేపటిదాకా ఊడదు."

ఇంకా పదేళ్ళు నిండని పిల్ల. దానికి తప్పేం తెలుసు. అయినా ఆ చాచిన చెయ్యి వెనక్కి తీసుకోవడానికి నిట్రాటక్కకి చాలాసేపు పట్టింది. వంటింట్లోకి వెళ్ళి, కడిగిన గిన్నెలే మళ్ళీ కడిగింది.

మంగళవారం పదకొండింటికి మేనేజరు గదిలోంచి పిలుపు వచ్చింది. బల్ల మీద రెండు అట్టపెట్టెలు. వాటినిండా తిరిగొచ్చిన బోర్డులు, మొత్తం నలభై రెండు. మేనేజరు కళ్ళజోడు నుదుటి మీదికి తోసుకుని ఉన్నాడు. సూపర్‌వైజరు గోడకి ఆనుకుని నేల చూస్తున్నాడు. పరీక్షల బల్ల దగ్గరుండే మీటరయ్య కూడా ఉన్నాడు. ఆయన చేతిలో మీటరు లేకుండా ఎవరూ ఎప్పుడూ చూడలేదు. ఇప్పుడూ ఉంది.

"ఎర్రలైటు వెలగట్లేదు" అన్నాడు మేనేజరు. "ఇక్కడ పెట్టి చూస్తే వెలుగుతోంది. అక్కడ గంట నడిచాక వెలగట్లేదు. ఒక ముసలాయనకి సీసా అయిపోయి, రక్తం గొట్టంలోకి ఎదురొచ్చిందట. నర్సు అటుగా వెళ్తూ చూసింది కాబట్టి సరిపోయింది. లేకపోతే?"

ఒక పెట్టెని ముందుకి తోశాడు.

"అన్నిటి మీదా పద్నాలుగో నంబరు చీటీ ఉంది" అన్నాడు సూపర్‌వైజరు, చెప్పలేక చెప్పినట్టు. పద్నాలుగు నిట్రాటక్క నంబరు.

ఆమె ఒక బోర్డు చేతిలోకి తీసుకుంది. చీటీ మీద తేదీ చూసింది. ఆరునెలల కిందటిది. ఆ తేదీని చూడగానే ఆమె గుండె తేలికపడింది. ఆ తేలిక మీద ఆమెకి అప్పుడు ఏ అనుమానమూ రాలేదు.

"ఇది చిన్నది నా బల్ల మీద పని నేర్చుకున్న నెల" అంది. "అప్పటికింకా తనకి నంబరివ్వలేదు. తను చేసినవి కూడా నా చీటీతోనే వెళ్ళాయి."

అందులో అబద్ధం ఒక్కటీ లేదు. ప్రతి ముక్కా నిజమే.

"అదీ సంగతి!" సూపర్‌వైజరు గోడ వదిలి ముందుకొచ్చాడు. "నేననుకుంటూనే ఉన్నాను సార్, పన్నెండేళ్ళలో లేనిది ఇప్పుడెందుకొస్తుందని."

చిన్నదాన్ని పిలిపించారు. ఆమె గుమ్మంలోనే నిలబడి అంతా విన్నది. చెంగు చుట్టుకోలేదు. ఏడవలేదు. "ఏమంటావమ్మా?" అని మేనేజరు అడిగితే, తోడికోడలి ముఖం వైపు చూడకుండా, బల్ల మీద ఆనించి ఉన్న ఆమె కుడిచేతిని చూసింది. చాలాసేపు చూసింది.

"అనడానికేముంది సార్" అంది.

మధ్యాహ్నానికల్లా ఆమెని ప్యాకింగుకి మార్చేశారు. పొద్దస్తమానం అట్టపెట్టెలు మడిచి, సిద్ధమైన బోర్డుల్ని నురుగుసంచుల్లో పెట్టి, టేపు వేసే పని. గీతపడ్డ మూతని సూపర్‌వైజరే తీసుకెళ్ళి తుక్కుడబ్బాలో పడేశాడు. నిన్న దాన్ని పసిబిడ్డలా పట్టుకున్న మనిషే.

కళ్ళల్లో నిప్పులు పోసుకున్నవాళ్ళకి ఆ నిప్పులు ఆరాక హాయిగా ఉండాలి. నిట్రాటక్కకి ఉండలేదు. భోజనాల వేళ చూస్తే, చిన్నదాని చుట్టూ నలుగురు చేరి ఉన్నారు. కాయిళ్ళావిడ తన డబ్బాలోది తీసి ఆమె డబ్బాలో వేస్తోంది. "కొత్తలో ఎవరైనా చేస్తారే తప్పు, నువ్వు బెంగపెట్టుకోకు" అంటోంది. నిట్రాటక్క పక్కన ఎవరూ లేరు. ఒళ్ళు మండింది ఆమెకి. పైకెత్తినా దానికే, కిందపడేసినా దానికే! శిక్షలో కూడా అదే ముందు.

బస్సులో ఇద్దరూ పక్కపక్కనే కూర్చున్నారు, రోజూ కూర్చున్నట్టే.

"ఇంట్లో నేను చెప్పను" అంది నిట్రాటక్క, మాట కలపాలని.

"చెప్పినా పర్వాలేదక్కా" అంది చిన్నది కిటికీలోంచి చూస్తూ.

బుధవారం టీ వేళకి నిట్రాటక్క మీటరయ్య బల్ల దగ్గరికి వెళ్ళింది. ఎందుకు వెళ్ళావంటే, చిన్నది సరిగ్గా ఏం తప్పు చేసిందో తెలుసుకుందామని అనేది. తెలుసుకుని, మనసులో ఒకసారి నెమరువేసుకుందామని.

మీటరయ్య తిరిగొచ్చిన బోర్డుని బిగించి, కరెంటిచ్చి, ఎర్రలైటు వెలిగించి చూపించాడు. తర్వాత సొరుగులోంచి జుట్టు ఆరబెట్టుకునే డ్రయ్యరు తీసి, ఆ లైటు మీదికి వేడిగాలి పట్టాడు. అరనిమిషం. లైటు రెప్పలార్చి ఆరిపోయింది. డ్రయ్యరు తీసేసి ఊదితే, మళ్ళీ మెల్లగా వెలిగింది.

"చలికి బతుకుతుంది, వేడికి చస్తుంది" అన్నాడు. "దీని బొజ్జలో వెంట్రుక కన్నా సన్నటి తీగ ఉంటుందమ్మా. అది తెగింది. తెగిన కొసలు ఆనుకుని ఉన్నంతసేపు వెలుగుతుంది. వేడెక్కితే విడిపోతుంది."

"ఎందుకు తెగుతుంది? టంకం ఎక్కువసేపు కాల్చిందా?"

"కాల్చడం కాదు." ఆయన భూతద్దం ఆమె చేతికిచ్చాడు. "కాళ్ళు చూడు. బోర్డులోంచి లేచేచోట కొంచెం మెలితిరిగాయి. టంకం వేశాక, వేడి మీద ఉండగానే ఎవరో లైటుని ఒత్తారు. అంతకుముందు వచ్చే లైట్లకి కాళ్ళు లావు, ఎంత ఒత్తినా తట్టుకునేవి. ఈ ఆరునెలల నుంచీ వస్తున్నవి సన్నకాళ్ళవి. వీటి దగ్గర ఆ పప్పులుడకవు."

ఆమె భూతద్దం దించలేదు. దించితే ముఖం కనిపిస్తుంది.

"నీవి నిట్రాటలు కాబట్టి నీకా అవసరం రాదు" అన్నాడు మీటరయ్య అభిమానంగా. "కొత్తపిల్ల, వంకరపోతే ఒత్తేసి ఉంటుంది."

నిట్రాటక్క టీ తాగకుండానే బల్ల దగ్గరికి తిరిగొచ్చింది. ఐరన్ మొనని తడి స్పాంజి మీద తుడిచింది. మొదటి బోర్డు తీసుకుంది. కాళ్ళు దూర్చింది, తిప్పింది, టంకం పెట్టింది, ఇటు తిప్పింది. బొటనవేలు అప్పటికే లైటు తలమీదికి వెళ్ళిపోయింది. ఎవరూ చెప్పకుండానే. ఆమె దాన్ని ఎవరి వేలో చూసినట్టు చూసింది. గోరు పక్కన, ఏళ్ళతరబడి వేడి లైట్లు తాకి తాకి, పెసరగింజంత గట్టిపడిన చోటు.

వెనక్కి తీసుకుంది. లైటు పక్కకి ఒరిగే ఉంది. మళ్ళీ కరిగించి సర్దబోతే టంకం పొంగి పక్కచుక్కతో కలిసిపోయింది. పన్నెండేళ్ళలో ఆమె మొదటిసారి ఒక బోర్డుని పాడుచేసి తుక్కు ట్రేలో వేసింది. సాయంత్రానికి గంటకి పద్దెనిమిది కూడా కాలేదు.

"ఒంట్లో బాగాలేదా అక్కా?" అన్నాడు సూపర్‌వైజరు.

"తలనొప్పి."

మీటరయ్య అన్నది నిజమని ఇంకా రుజువు కాలేదు కదా, అని ఆ రాత్రి పడుకోబోతూ అనుకుంది. నా చేతికి ఒత్తు ఎంతవరకో తెలుసు. అది నేర్చుకునేటప్పుడు నన్ను చూసి గట్టిగా ఒత్తి ఉంటుంది. పులిని చూసి వాతపెట్టుకున్న నక్క. ఇలా అనుకున్నాక కాస్త ఊరట కలిగింది. అంతలోనే ఒకటి గుర్తొచ్చింది. నేర్చుకున్న నెలంతా చిన్నది టంకం పెట్టడం వరకే చేసేది. ఆ తర్వాత ప్రతి బోర్డునీ ఆమె చేతిలోంచి లాక్కుని, "ఇలా" అంటూ ఒత్తింది తనే.

గురువారం భోజనాల వేళ మీటరయ్య నీడపట్టున కునుకు తీస్తున్నాడు. నిట్రాటక్క తన బల్ల నుంచి అయిదు బోర్డులు ఆయన బల్ల దగ్గరికి తీసుకొచ్చింది, ఆ వారం ఒక్కతే కూర్చుని చేసినవి. చిన్నది తాకనివి. సొరుగు తీసి డ్రయ్యరు పట్టుకుంది. మొదటిది ఆరలేదు. ఆమె ఊపిరి పీల్చుకుంది. రెండోది రెప్పలార్చి ఆరిపోయింది. మూడోది వెలుగుతూనే ఉంది. నాలుగోది, గాలి తాకగానే, ఎవరో కళ్ళు మూసినట్టు పోయింది. అయిదోది పెట్టబుద్ధి కాలేదు.

షెడ్డు అవతలి చివర ప్యాకింగు బల్ల దగ్గర చిన్నది టేపు లాగుతున్న చప్పుడు బర్రుమని వినిపిస్తోంది. రేపు వెళ్ళాల్సిన సరుకు, మూడువందల బోర్డులు. అన్నీ పద్నాలుగో నంబరువే.

ఆ సాయంత్రం ఇంట్లో ఇద్దరే ఉన్నారు. అత్తగారు పిల్లని తీసుకుని పక్కింటికి వెళ్ళింది. అన్నదమ్ములిద్దరూ ఇంకా రాలేదు. చిన్నది మంచం మీద ఆరిన బట్టలు పోసి మడతపెడుతోంది. నిట్రాటక్క వచ్చి ఎదురుగా కూర్చుని, ఒక దుప్పటి కొసలు రెండు అందుకుంది. ఇద్దరూ చెరోవైపు పట్టుకుని దులిపారు.

"నీకు తెలుసు" అంది నిట్రాటక్క.

చిన్నది దుప్పటి అంచులు కలిపింది. "ఏం తెలుసు?"

"ఒత్తితే పోతాయని."

"తెలుసు."

అంత నిబ్బరంగా ఒప్పుకుంటుందని నిట్రాటక్క అనుకోలేదు.

"ఎప్పట్నుంచి?"

"మొదటి వారం నుంచీ. పొట్లాల్లో ఒక కాగితం వస్తుందిగా, మీరు టీగ్లాసు కింద వేసుకుంటారే, అది. అందులో బొమ్మ వేసి ఉంది. టంకం వేశాక లైటుని ఒత్తుతున్న వేలు, దాని మీద అడ్డంగా ఇంటూ గుర్తు. మీకు చూపించాను కూడా."

"నాకా?"

"కాగితాలు చూసి పని నేర్చుకున్నవాళ్ళని నేనింతవరకూ చూళ్ళేదమ్మాయ్ అన్నారు. పక్కవాళ్ళందరూ నవ్వారు."

నిట్రాటక్కకి గుర్తులేదు. కాని అది తన మాటే. తన నోట్లోంచి తప్ప ఆ మాట ఇంకొకరి నోట్లోంచి రాదు.

"ఒకసారి కాకపోతే రెండోసారి చెప్పొచ్చుగా. మొన్న మేనేజరు గదిలో చెప్పొచ్చుగా! నోట్లో నాలుక లేనిదానిలా నిలబడ్డావేం? నీ మంచితనం చూసి ఊరంతా ముక్కున వేలేసుకోవాలనా?"

చిన్నది చేతిలోని దుప్పటి మంచం మీద పడేసింది.

"మంచితనమా? నాకా?" నవ్వబోయింది, నవ్వు రాలేదు. "గదిలో చెప్తే ఎవరు నమ్ముతారక్కా? నిట్రాట మీద పుల్లలు పెడుతోందనేవాళ్ళు. అది సరే. అంతకుముందు ఎందుకు చెప్పలేదో అడగండి. కావాలనే చెప్పలేదు. మీరు ఆ వేలితో ఒక్క ఒత్తు ఒత్తి పక్కన పెడుతుంటే అందరూ మీ చేతివైపే చూసేవాళ్ళు. నాకు కడుపు రగిలిపోయేది. నెలరోజులు ప్రయత్నించినా ఆ ఒత్తు నాకు రాలేదు. రాకనే ఆ మూత ఏరుకున్నాను తుక్కులోంచి. ఎప్పటికైనా మీవి తిరిగొస్తాయని, ఆ రోజు మీ ముఖం చూడాలని ఎదురుచూశాను. వచ్చాయి. వచ్చి నా నెత్తిన పడ్డాయి."

బయట ఎవరో సైకిలు గంట కొట్టుకుంటూ వెళ్ళారు.

"ముసలాయన గొట్టంలోకి రక్తం వచ్చిందన్నప్పుడు మాత్రం" అని చిన్నది ఆగి, ఒక చొక్కా చేతిలోకి తీసుకుంది. "అయినా ఈ మూడు రోజులూ మీ బోర్డులే సర్దాను డబ్బాల్లో. టేపు వేస్తున్నప్పుడల్లా చెప్దామనుకున్నాను. చెప్పలేదు."

నిట్రాటక్క మంచం మీది దుప్పటి తీసి ఒళ్ళో వేసుకుంది. ఆమెకి కోపం రావాలి. వచ్చింది కూడా. కాని దాని వెనకాలే ఇంకోటి వచ్చింది. ఇన్నాళ్ళూ ఇంట్లో తనొక్కతే కుళ్ళుమోతుదని, అవతలిది కడిగిన ముత్యమని, అదే తన అసలు బాధని ఆమెకి ఇప్పుడు తెలిసింది.

"జడ బాగా వేస్తావు నువ్వు" అంది చివరికి, ఏమనాలో తోచక.

"మీ అమ్మాయి రోజూ మీ గురించే చెప్తుంది వేసినంతసేపూ" అంది చిన్నది విసుగ్గా. "మా అమ్మ అది, మా అమ్మ ఇది. చెవులు హోరెత్తిపోతాయి."

శుక్రవారం తొమ్మిదింటికి సరుకు లారీ వచ్చి షెడ్డు ముందు ఆగింది. నిట్రాటక్క ఏప్రన్ కట్టుకోకుండానే సూపర్‌వైజరు దగ్గరికి వెళ్ళింది. మేనేజరు కూడా అక్కడే, లారీ కాగితాల మీద సంతకం పెడుతున్నాడు. చిన్నది రెండు పెట్టెలు ఒకదాని మీద ఒకటి పెట్టి ఎత్తబోతోంది.

"అవి ఎక్కించకండి. అవన్నీ విప్పాలి" అంది నిట్రాటక్క.

"ఏమైంది?"

"ఎర్రలైట్లు పాడుచేసింది నేను. అప్పటి నలభై రెండూ నావే. ఇవీ నావే. టంకం వేశాక ఒత్తుతాను. నిన్న అయిదు తీసుకుని వేడిచేసి చూశాను. రెండు ఆరిపోయాయి. అయిదోది చూడలేదు."

సూపర్‌వైజరు ముఖం పాలిపోయింది. "ఏంటక్కా ఈ మాటలు? ఆ విషయం మంగళవారమే అయిపోయింది కదా. లారీ వచ్చి నిలబడింది. ఇప్పుడు మళ్ళీ మొదటికి తెస్తావా?"

"ఆ ముసలాయన దగ్గర నిలబడి చెప్పండి అయిపోయిందని."

మేనేజరు పెన్ను మూత పెట్టాడు. మీటరయ్యని పిలిపించాడు. పెట్టె విప్పించి, చేతికి దొరికిన పది బోర్డులు పెట్టించాడు. డ్రయ్యరు గాలికి అందులో మూడు ఆరిపోయాయి. మీటరయ్య నిట్రాటక్క వైపు చూడలేక మీటరు వైపు చూశాడు. లారీ ఖాళీగా వెనక్కి వెళ్ళిపోయింది.

మేనేజరు అప్పుడు చిన్నదాని వైపు తిరిగాడు. మళ్ళీ నిట్రాటక్కని అడిగాడు. "ఈమె నీ పక్కనే కూర్చుని నేర్చుకుంది కదా. ఈమెకి తెలియదా?"

నిట్రాటక్క ముందు రెండు దారులున్నాయి. నిన్న బట్టలు మడతపెడుతూ విన్నదంతా ఇక్కడ చెప్పేస్తే, ఇద్దరికీ చెరిసగం పడుతుంది. ఆ మాట ఆమె నాలుక చివరిదాకా వచ్చింది. మింగేసింది.

"దానికేం తెలుసు సార్. కొత్తపిల్ల" అంది. "దానికి అంత జ్ఞానం ఎక్కడిది?"

కాపాడుతున్నాననే అనుకుంది. కాని ఆ ఆఖరి మాట అంటున్నప్పుడు నాలుకకి ఒక తీపి తగిలింది. ఆ తీపి ఆమెకి బాగా తెలుసు.

చిన్నది చేతిలోని పెట్టె దించేసింది. బుగ్గలు కందిపోయాయి.

"నాకు తెలుసు సార్" అంది.

"నువ్వూరుకో!" అంది నిట్రాటక్క.

"ఎందుకూరుకోవాలి? ఆరునెలల కిందటే తెలుసు. కాగితంలో బొమ్మ చూసి తెలుసుకున్నాను. ఇక్కడ ఇంతమంది ఉన్నారు, ఇంకెవరైనా చూశారా ఆ బొమ్మ? ఒకసారి చెప్పాను. వినలేదు. మళ్ళీ చెప్పలేదు. చెప్పకపోవడం నా తప్పు. తెలియకపోవడం మాత్రం కాదు."

సూపర్‌వైజరు నెత్తి పట్టుకున్నాడు. మేనేజరు ఒకళ్ళ తర్వాత ఒకళ్ళని చూశాడు, ఏ నంబరు చీటీ ఎవరికి అంటించాలో తేలనట్టు. నిట్రాటక్క తోడికోడలిని కన్నార్పకుండా చూస్తోంది. తప్పు నెత్తినేసుకోడానికైనా సిద్ధపడింది గానీ, తెలివితక్కువదని మాత్రం అనిపించుకోలేదు మహాతల్లి! తను మటుకు ఏం చేసుండేది ఆ స్థానంలో? సరిగ్గా ఇదే.

"ఇద్దరూ కూర్చోండి" అన్నాడు మేనేజరు చివరికి. "మూడువందలూ విప్పి, ఎర్రలైట్లు పీకేసి కొత్తవి పెట్టండి. తర్వాత ఆకుపచ్చవి, పసుపువి. అన్నీ. అయ్యేదాకా మీకు ఇంకో పని లేదు. ఈ ఆరునెలల్లో బయటికి వెళ్ళినవి కూడా వెనక్కి తెప్పిస్తాను. మిగతా సంగతి ఆ తర్వాత చూస్తాను. ఆ మూత ఎక్కడుంది?"

మూత కోసం తుక్కుడబ్బా బోర్లించారు. దొరకలేదు. చిన్నదే గీతపడ్డ మూతలు ఇంకో రెండు ఏరుకొచ్చి, అంచులు తుడిచి, ఒకటి నిట్రాటక్క ముందు పెట్టింది.

ఒకే బల్లకి అటొకరు ఇటొకరు కూర్చున్నారు. పాతటంకాన్ని కరిగించి, పీల్చే గొట్టంతో లాగేసి, లైటుని మెల్లగా బయటికి తియ్యాలి. తొందరపడితే బోర్డు మీది రాగిపొర లేచిపోతుంది. నిట్రాటక్కకి తియ్యడం సులువుగా వచ్చింది. పెట్టడం దగ్గర చెయ్యి మొరాయించింది. మూతలోంచి బోర్డుని పైకెత్తగానే బొటనవేలు లైటు మీదికి దూకబోయేది. మూడోసారి ఎదుటినుంచి "ఊఁ" అని వినిపించింది. ఆమె వేలు వెనక్కి తీసుకుంది. "చూశాలే" అంది.

"చల్లారకుండా ఎత్తుతున్నారు. ఊదండి."

"ఊదుతున్నానమ్మా, నా ఊపిరి నీ అంత గట్టిది కాదు."

కాసేపటికి చిన్నది పీకుతుంటే ఒక రాగిపొర లేచిపోయింది. నిట్రాటక్క చెయ్యి చాచి ఆ బోర్డు అందుకుని, సన్నటి తీగముక్క ఒకటి కోసి, ఊడిన చోట వంతెనలా వేసి అతికించింది. అది ఎవరూ నేర్పింది కాదు, ఏ కాగితంలోనూ లేదు. చిన్నది ఆ చేతివైపే చూస్తూ, తన ఐరన్ స్టాండులో పెట్టడం మర్చిపోయింది.

"అది నాకు నేర్పాలి" అంది.

"అది చెప్తే వచ్చేది" అని ఆగి, నిట్రాటక్క వాక్యం మార్చుకుంది. "సాయంత్రం చూపిస్తాలే. ముందు ఇవి కానీ."

మళ్ళీ ఎవరి పనిలో వాళ్ళు పడ్డారు. టంకం పొగ ఇద్దరి మధ్యా సన్నగా లేచి ఫ్యాను గాలికి విరిగిపోతోంది. భోజనాల గంట కొట్టబోతుండగా నిట్రాటక్క తల ఎత్తకుండా కళ్ళు మాత్రం ఎత్తి, అవతలి ట్రేలోకి చూసింది. అదే క్షణాన చిన్నది ఇవతలి ట్రేలోకి చూస్తోంది. ఇద్దరూ దొరికిపోయారు.

"ఎన్నయ్యాయి?" అంది నిట్రాటక్క.

"మీకెన్ని?"

"ముందు నువ్వు చెప్పు."

"అమ్మో! మీరే చెప్పండి ముందు" అంది చిన్నది, తన ట్రే మీద చెయ్యి అడ్డం పెట్టి.